కుడి సీటుకి చుక్కలు, ఎడమ సీటుకి చీకటి

పేరు, ఇంటి చిరునామా మొదటి కాగితంలో రాసుకున్నారు కాబట్టి మళ్ళీ చెప్పను. వయసు ముప్పై ఆరు. వృత్తి దగ్గర ‘విమాన సిబ్బంది’ అని రాశారు. అది కొట్టేసి ‘పైలట్’ అని రాయండి. కుడి సీటులో కూర్చునే పైలట్‌ని, అంటే కో-పైలట్‌ని. కాఫీ కప్పులు అందించడమూ గౌరవమైన పనే, కానీ అది నా పని కాదు. మా విమానంలో ఆ పని చేసేవాళ్ళు అసలు లేరు, అంత చోటూ లేదు.

కెప్టెన్ గారి చేతి మీద నేను టార్చితో కొట్టిన మాట నిజం. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్ గారు ఆ ప్రశ్న అడగడానికి చాలాసేపటి నుంచి మొహమాటపడుతున్నారు. కొట్టాను. ఫిర్యాదులో ‘పలుమార్లు’ అని ఉంది. పలుమార్లు కాదు, రెండుసార్లు. మొదటి దెబ్బకి ఆయన చెయ్యి వదల్లేదు, అందుకని రెండోది. వదిలాక మూడోది కొట్టలేదు. కొట్టాలనిపించిందా అని అడిగితే అనిపించింది, కానీ అప్పటికి నా రెండు చేతులకీ వేరే పని పడింది.

ఫిర్యాదులో మిగతాదంతా అబద్ధం. నేను కొట్టడం వల్ల విమానం అదుపు తప్పిందట. అదుపు తప్పింది కాబట్టి కొట్టాను. ఏది ముందో ఏది వెనకో తారుమారు చేసి రాస్తే ఎవరికీ తెలియదనుకున్నారు. నాకు తెలుసు, ఆయనకి తెలుసు, మా వెనక కూర్చున్న మా సంస్థ యజమానికీ తెలుసు.

మా సంస్థ చిన్నది. ప్రయాణికులకి తొమ్మిది సీట్లుండే విమానాలు రెండున్నాయి. ఈ ఊరి నుంచి ఎదురుగా ఉన్న దీవికి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళొస్తాం. సాయంత్రం వెళ్ళినది తిరిగొచ్చేసరికి చీకటి పడుతుంది. మధ్యలో సముద్రం తప్ప ఏమీ లేదు. కాక్‌పిట్‌కి తలుపు ఉండదు, తెర ఉంటుంది. తెర తీసి ఉంటే మొదటి వరసలో కూర్చున్నవాళ్ళకి మా చేతులు, మా ముందు ముళ్ళు తిరిగే అద్దాలు అన్నీ కనబడతాయి. ఈ తెర సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

‘ఆ రోజు మబ్బు లేదు, వాన లేదు, వాతావరణం వాళ్ళ కాగితం కూడా అదే చెబుతోంది, మరి ఇబ్బందేమిటి?’ అని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. ఈ ప్రశ్న నన్ను ఆరేళ్ళుగా అడుగుతున్నారు. మీరు తెలియక అడిగారు, కెప్టెన్ గారు తెలిసి అడిగేవారు, అంతే తేడా.

పగలైతే నేలా ఆకాశం కలిసే గీతని చూసి రెక్కలు సమంగా పెట్టుకుంటాం. చందమామ లేని రాత్రి సముద్రం మీద ఆ గీత ఉండదు. పైన చుక్కలుంటాయి, కింద చేపల పడవల దీపాలుంటాయి, ఏవి ఎక్కడ ఆగాయో ఏవి ఎక్కడ మొదలయ్యాయో తెలియదు. మబ్బులో ఉంటే కనీసం ఏమీ కనబడదు, మనిషి బుద్ధిగా తల దించుకుని లోపలి అద్దాలు చూస్తాడు. చుక్కల రాత్రి అన్నీ కనబడుతున్నట్టే ఉంటుంది. ఒళ్ళు కూడా అబద్ధం చెబుతుంది. విమానం ఒక పక్కకి వాలి తిరుగుతున్నా కుర్చీలో నిటారుగా కూర్చున్నట్టే అనిపిస్తుంది. కప్పులో కాఫీ కూడా ఒలకదు.

అందుకని మా ముందు ఒక గుండ్రటి అద్దం ఉంటుంది. అందులో పైసగం నీలం, కిందిసగం గోధుమరంగు, మధ్యలో గీత. బయట లేని గీతని అది లోపల చూపిస్తుంది. దాని పక్కనే ఎత్తు చూపే ముల్లు, వేగం చూపే ముల్లు ఉంటాయి. చీకటి రాత్రి వీటిని తప్ప దేన్నీ నమ్మకూడదు. ఇలా అద్దాలే చూసి నడిపిన సమయాన్ని లాగ్‌బుక్‌లో, అంటే ఎవరి గంటల లెక్క వాళ్ళకుండే పుస్తకంలో, వేరే గడిలో రాసుకుంటాం. దాన్ని ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ అంటాం. మబ్బుంటేనే రాయాలని ఎక్కడా లేదు. బయటికి చూసి నడపగలిగావా లేదా, అంతే. ఫ్లయింగ్ స్కూల్లో మొదటి ఏడాదే చెప్పే మాట ఇది. ఆ గడి నిండకపోతే కుడి సీటు నుంచి ఎడమ సీటుకి, అంటే కెప్టెన్ సీటుకి, వెళ్ళనివ్వరు. ఎడమ సీటులో ఉన్నవాళ్ళు అక్కడే ఉండాలన్నా అందులో ఎప్పటికప్పుడు ఎంతో కొంత పడుతూ ఉండాలి.

ఇప్పుడు మా సంస్థలో ఉన్న అలవాటు చెబుతాను. కో-పైలట్ పుస్తకంలో ప్రతి వరసకీ చివర కెప్టెన్ సంతకం ఉంటేనే అది చెల్లుతుంది. ఎలాగూ సంతకం పెట్టేది ఆయనే కాబట్టి రాసేదీ ఆయనే అని ఎప్పుడో మొదలైందట. విమానం దిగాక సిబ్బంది గదిలో కూర్చుని కెప్టెనే రెండు పుస్తకాలూ రాస్తాడు, తనదీ నాదీ. నాకు ముందున్న కో-పైలట్లు కూడా పుస్తకం బల్ల మీద పెట్టి చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ళే. మా కెప్టెన్ని అందరూ పెద్దాయన అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. చేతిరాత ముత్యాలు పేర్చినట్టు ఉంటుంది. పుస్తకం చూసినవాళ్ళెవరైనా ముందు ఆ రాత చూసి మురిసిపోతారు, ఏం రాసిందో తర్వాత చూస్తారు.

చీకటి రాత్రుల్లో తిరుగు ప్రయాణం ఇలా ఉండేది. దీవి దీపాలు వెనక్కి పోయేదాకా ఆయన నడిపేవారు. అవి పోగానే ‘అమ్మాయ్, పట్టుకో’ అనేవారు. తెర వేసుకునేవారు. ఫ్లాస్కులోంచి టీ పోసుకునేవారు. ఈ ఊరి దీపాలు కనబడ్డాక ‘ఇక ఇటివ్వు’ అని తీసుకుని దింపేవారు. మధ్యలో ఉన్న చీకటంతా నాది. నాకు దాని మీద ఫిర్యాదు లేదు, ఇష్టంగానే నడిపాను. నాకు చేతనైన పని అది.

చేరిన కొత్తలో ఒక రాత్రి పుస్తకం చూసుకుని అడిగాను.

‘సర్, ఇన్‌స్ట్రుమెంట్ గడి ఖాళీగా వదిలేశారు.’

‘మబ్బెక్కడుందమ్మాయ్? అన్ని చుక్కలు మెరుస్తుంటే ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ అంటావేంటి? ఎవరైనా వింటే నవ్విపోతారు.’

‘గీత కనబడలేదు కదా సర్. అద్దాలు చూసే నడిపాను.’

‘అది నీ భయం. భయానికి పుస్తకంలో గడి లేదు.’

ఆయన పుస్తకం పక్కనే తెరిచి ఉంది. అదే రాత్రి, అదే విమానం, అదే సముద్రం. ఆయన వరసలో ఇన్‌స్ట్రుమెంట్ గడి నిండుగా ఉంది. ‘మరి మీ దాంట్లో రాసుకున్నారు కదా సర్?’ అన్నాను. ‘నేను కెప్టెన్ని. ఆ విమానంలో ఏం జరిగినా నా లెక్కే’ అన్నారు. అన్నాక పెన్ను మూత పెట్టారు. ఆరేళ్ళు ఇదే. ఒకే కాక్‌పిట్, ఒకే కిటికీ. కుడి సీటుకి చుక్కలు, ఎడమ సీటుకి చీకటి.

ఆరేళ్ళు నోరు మూసుకుని ఇప్పుడెందుకు అంటున్నారని ఇన్‌స్పెక్టర్ గారు అడిగారు. ఎవరికి చెప్పాలి? ఫిర్యాదు పెట్టె తాళం చెవి ఆయన దగ్గరే ఉంటుంది. మాట వరసకి అనడం లేదు. సిబ్బంది గదిలో గోడకి నీలంరంగు పెట్టె ఉంది, దాని తాళం చెవి ఆయన సొరుగులో ఉంది. వెళ్ళి చూసుకోండి. నోరు మూసుకున్నానన్నదీ నిజం కాదు. ఏడాదికోసారి అడుగుతూనే ఉన్నాను. ‘నీకేం తొందర, చిన్నదానివి’ అనేవారు. ముప్పై ఏళ్ళప్పుడు అన్నారు, ముప్పై ఐదేళ్ళప్పుడూ అన్నారు.

మా అత్తగారు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. చీకటి రాత్రి నేను ఇంటికి రాగానే అడిగేవారు.

‘ఇవాళ ఎవరు నడిపారే?’

‘నేనే అత్తయ్యా.’

‘ఎవరికి రాశారు?’

‘ఆయనకి.’

‘బస్సెక్కనివాడికి టికెట్ కొట్టడం నా సర్వీసులో చూడలేదు తల్లీ. అదీ కండక్టరే ఎక్కకుండా తనకి తను కొట్టుకోవడమా?’

మా ఆయనకి ఈ మాటలు అలవాటైపోయి నవ్వేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతోంది. నవ్వాల్సిన విషయం కాదది. ఎందుకు కాదో చెబుతాను, ఇది జాగ్రత్తగా రాయండి. ఆరేళ్ళు చీకట్లో ఆయన చేతులు కట్టుకుని కూర్చున్నారు. పుస్తకం మాత్రం నడుపుతూనే ఉంది. పుస్తకంలో రోజురోజుకీ ఆరితేరారు, చేతుల్లో రోజురోజుకీ మర్చిపోయారు. లైసెన్స్ గడువు వచ్చినప్పుడల్లా పై ఆఫీసువాళ్ళు పుస్తకం చూసి, ఇంత అనుభవం ఉన్నాయనకి పరీక్షేమిటని ముద్ర కొట్టి పంపారు. నా గంటలు పోయాయని నేను ఏడిచాను గానీ, ఆ గంటలు ఎవరి దగ్గరికి చేరి ఏం చేస్తున్నాయో నేనూ ఆలోచించలేదు.

పోయిన మంగళవారం, అమావాస్య. సాయంత్రం దీవిలో దిగాం. తిరుగు ప్రయాణానికి ప్రయాణికులు ఏడుగురు, ఎనిమిదో మనిషి మా యజమాని. దీవిలో హోటల్ కట్టించాలని స్థలం చూడడానికి వెళ్ళారు, మా విమానంలో తిరిగి వస్తున్నారు. మొదటి వరసలో, సరిగ్గా మా ఇద్దరి వెనక, మధ్యలో కూర్చున్నారు. తెర వేయబోతే ‘ఉండనివ్వండి, చూస్తాను’ అన్నారు.

‘పెద్దాయన చేతిలో ఉంటే నాకు దిగులే ఉండదు’ అని కూడా అన్నారు.

ఎనిమిదీ పదికి చక్రాలు నేల వదిలాయి. ఎనిమిదీ పద్నాలుగుకి దీవి దీపాలు పూర్తిగా వెనక్కి పోయాయి. నేను అలవాటు ప్రకారం చేతులు ముందుకి చాపాను. ఆయన ‘నువ్వు రేడియో చూసుకో అమ్మాయ్’ అన్నారు. టీ ఫ్లాస్కు తీయలేదు. వీపు నిటారుగా పెట్టుకుని, తల కిటికీ వైపు పెట్టుకుని కూర్చున్నారు. ఫొటో తీయించుకునే మనిషిలా ఉన్నారు.

వెనక్కి తిరిగి యజమానికి ఊరు చూపించడం మొదలుపెట్టారు. ‘అదిగో సర్, మన తీరం. దీపాలు బారు తీరాయి చూడండి.’ మన తీరం కనబడడానికి ఇంకా ఇరవై నిమిషాలకి పైగా పడుతుంది. అవి చేపల పడవలు. ఒకదాని వెనక ఒకటి, మా ముందు ఏటవాలుగా పోతున్నాయి.

‘సర్, అది తీరం కాదు, పడవలు’ అన్నాను.

‘ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నానమ్మా ఈ తీరాన్ని’ అన్నారు. నాతో కాదు, వెనకాయనతో. యజమాని నవ్వారు.

ఆ ఏటవాలు దీపాల బారుని ఆయన గీత అనుకున్నారు. రెక్కల్ని దానికి సమంగా పెట్టారు. అద్దంలో గీత మెల్లగా ఒరగడం మొదలైంది. ‘సర్, రెక్క వాలింది’ అన్నాను. ‘నాకు కనబడుతోంది’ అన్నారు. ఇంకాస్త ఒరిగింది. ‘సర్, రెక్క. అద్దం చూడండి.’ ‘కనబడుతోందన్నాను కదా.’ నాలుగు వేల అడుగుల దగ్గర ఉండాల్సిన ముల్లు కిందికి తిరగడం మొదలుపెట్టింది. ‘సర్, ఎత్తు తగ్గుతోంది. రెక్క సరిచేయండి.’ ఈసారి ఆయన అద్దం చూశారు. చూసి నమ్మలేదు. ఆయన మొహంలో అది నాకు స్పష్టంగా కనబడింది. ఆ అద్దం ఆయనకి కొత్త మనిషి అయిపోయింది.

ఎత్తు తగ్గుతోందని మాత్రం ఒంటికి తెలిసింది, దాంతో రెండు చేతులతో పట్టుకుని ముక్కు పైకి లాగారు. వాలిన రెక్కతో ముక్కు లాగితే విమానం పైకి పోదు. ఇంకా బిగుసుకుని తిరుగుతూ కిందికి పోతుంది. ముందు రెక్కలు సరిచేసి ఆ తర్వాత లాగాలి. ఇదీ మొదటి ఏడాది చెప్పేదే.

మా నియమాల పుస్తకంలో ఉంది: రెండుసార్లు హెచ్చరించినా కెప్టెన్ సరిచేయకపోతే కో-పైలట్ విమానాన్ని తన చేతిలోకి తీసుకోవాలి. నేను మూడుసార్లు చెప్పాను. ‘సర్, నా చేతికి ఇవ్వండి’ అన్నాను. ఇవ్వలేదు. నేను ఒక పక్కకి తిప్పుతుంటే ఆయన ఇంకో పక్కకి బిగబట్టారు. వెనక ఎవరో అరిచారు. సామాను పడిన చప్పుడైంది. ముల్లు రెండు వేలు దాటి కిందికి పోతోంది. కింద నీళ్ళున్నాయి, అవి కనబడడం లేదు. నాకు కనబడినవల్లా ఆ అద్దం, ఆయన చెయ్యి. చెయ్యి వదిలితే బతుకుతాం.

మెడలో టార్చి ఉంది. చీకటి రాత్రుల్లో కుడి సీటువాళ్ళు మెడలో టార్చి వేసుకుంటాం, లోపలి దీపాలు ఆరిపోతే అద్దాల మీద వేయడానికి. వెలుగు కళ్ళు చెదరగొట్టకుండా దాని మూతికి ఎర్ర కాగితం కడతాం. నా టార్చికి మా పాప చాక్లెట్ కాగితం చుట్టి రబ్బరు బ్యాండు వేసింది. ఆ టార్చితోనే కొట్టాను. కుడి మణికట్టు మీద, నాకు దగ్గరగా ఉన్నది అదే కాబట్టి. ఇప్పుడది మీ బల్ల మీద ప్లాస్టిక్ సంచిలో ఉంది, ‘ఆయుధం’ అని చీటీ అంటించి. చాక్లెట్ కాగితం కూడా అందులోనే ఉంది.

రెండో దెబ్బకి చేతులు వదిలారు. అప్పుడు ఎనిమిదీ ఇరవై ఒకటి. ఇంజన్ తగ్గించాను, రెక్కలు సరిచేశాను, ఆ తర్వాత మెల్లగా లాగాను. ముల్లు తొమ్మిది వందల అడుగుల దగ్గర ఆగి మళ్ళీ పైకి తిరిగింది. ఆయన మణికట్టు పట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపటికి తెర వేశారు. అంత జరిగాక ఆయన చేసిన మొదటి పని తెర వేయడం.

ఎనిమిదీ నలభై ఏడుకి దింపాను. ‘ఇక ఇటివ్వు’ అని ఆయన అనలేదు.

వెనక వరసలో ఒక టీచరమ్మ బెల్టు తీసి కింద పడిన సంచి అందుకోబోయింది, అప్పుడే ఎగిరి పడింది. భుజం దగ్గర ఎముక చిట్లింది. ఆవిడతో పాటు నేను ఆంబులెన్సులో వెళ్ళాను. ఆవిడకి దెబ్బ తగిలినందుకు నాకు బాధగా ఉంది. బాధపడాల్సిన ఇంకో మనిషి ఆవిడని చూడడానికి ఇంతవరకు వెళ్ళలేదు. ‘మీరు సర్ సర్ అని బతిమాలడం నేను విన్నానమ్మా. అన్నిసార్లు ఎందుకు బతిమాలారు?’ అని ఆవిడ నన్నే అడిగింది. ఆవిడ వాంగ్మూలం తీసుకున్నారా? ఇంకా లేదని ఇప్పుడే చెప్పారు. యజమానిది మాత్రం మర్నాడు పొద్దున్నే ఇంటికి వెళ్ళి తీసుకున్నారు. ఆయన ఏమన్నారో కూడా ఇన్‌స్పెక్టర్ గారు చదివి వినిపించారు. తను ఆ సమయంలో కళ్ళజోడు తుడుచుకుంటున్నారట, ఎవరు నడుపుతున్నారో గమనించలేదట. తెర ఉంచమన్నది ఆయనే. చూస్తానన్నది ఆయనే. ఏడు నిమిషాల పాటు కళ్ళజోడు తుడుచుకునే మనిషిని నేనింతవరకు ఎక్కడా చూడలేదు.

ఆంబులెన్సు ఎక్కే తొందరలో నా పుస్తకం అలవాటు ప్రకారం సిబ్బంది గదిలో బల్ల మీద పెట్టి వెళ్ళాను. మర్నాడు పొద్దున వెళ్ళి తెరిచి చూశాను. మంగళవారం వరస రాసి ఉంది. ఇన్‌స్ట్రుమెంట్ గడిలో ముప్పై ఏడు నిమిషాలు. చివర పెద్దాయన సంతకం.

సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట సంతోషపడ్డాను. ఆరేళ్ళుగా ఖాళీగా ఉన్న గడి నిండి కనబడితే, ఆ గదిలో ఒక్కదాన్నే నిలబడి ఆ అంకె మీద వేలు పెట్టి చూసుకున్నాను. రాత్రి జరిగింది చూశాడు కదా, మనసు మారిందేమో, ఇన్నాళ్ళ తర్వాత ఒప్పుకున్నాడేమో అనుకున్నాను. మా అత్తగారికి ఫోన్ చేసి కూడా చెప్పాను. ఆవిడ ‘ముప్పై ఏడా? మొత్తం ప్రయాణమే అంత కదే?’ అంది. అప్పుడు వెలిగింది నాకు. నేల వదిలిన నిమిషం నుంచి నేల తాకిన నిమిషం దాకా అంతా నాకే రాశాడు. అంటే మొదటి నుంచి చివరిదాకా నడిపింది నేనేనని. పదకొండు గంటలకి మీ స్టేషన్ నుంచి కబురొచ్చింది.

ఆరేళ్ళు అడిగితే ఇవ్వనిది, నేరమయ్యాక తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఇంతకంటే అన్యాయం నేను వినలేదు. నా నడక మీద, నా చేతి మీద, నా చదువు మీద ఎన్ని మాటలన్నా పడ్డాను. ఇది పడను.

ఫిర్యాదు కాగితంలో ఆయన ఏం రాశారో చూడండి. ‘ఆకాశం నిర్మలంగా ఉంది, చుక్కలు స్పష్టంగా ఉన్నాయి, బయటికి చూసి నడపడానికి ఎలాంటి ఇబ్బందీ లేదు’ అని. నా పుస్తకంలో అదే చేత్తో, అదే ప్రయాణానికి ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ రాశారు. బయటికి చూసి నడపగలిగే రాత్రయితే అది రాయకూడదు. అది రాయాల్సిన రాత్రయితే బయటికి చూసి నడపకూడదు. ఆయన రెండూ చేశారు. ఏదో ఒకటి ఎంచుకోమనండి. ఏది ఎంచుకున్నా ఆయన ఆరేళ్ళ పుస్తకం మొత్తం మళ్ళీ తెరిచి చూడాల్సిందే.

ఇంకొకటి. నా దెబ్బకి కుడి మణికట్టు ‘పెన్ను కూడా పట్టుకోలేని స్థితిలో’ ఉందని ఆ రాత్రి తొమ్మిదిన్నరకి డాక్టరుతో రాయించుకున్నారు. మంగళవారం వరస ఎప్పుడు రాశారు? ఆ వరసలో అక్షరాలు చూడండి. ముత్యాలు ఒక్కటి కూడా చెదరలేదు.

నేను ఆవేశపరురాలినని, ఇంట్లో గొడవల వల్ల మనసు కుదురుగా లేదని కూడా రాశారు. ఆ మధ్యాహ్నం నేను మా ఆయనతో ఫోన్లో గట్టిగా మాట్లాడిన మాట నిజం. వాషింగ్ మెషీన్ గొట్టం ఊడి వంటింట్లో నీళ్ళు నిండాయి. మా ఆయన ఊళ్ళో అందరి ఫ్రిజ్‌లూ బాగుచేస్తాడు, మా ఇంట్లో గొట్టానికి మాత్రం ఆయనకి తీరిక ఉండదు. దానికీ విమానం అదుపు తప్పడానికీ సంబంధం ఉందంటే, పెళ్ళయిన పైలట్లెవరూ విమానం ఎక్కకూడదు.

రాజీ పడితే కేసు ఉండదని నిన్న యజమాని మనిషి ఇంటికి వచ్చి చెప్పాడు. ఆ ముప్పై ఏడు నిమిషాలు నావేనని ఒప్పుకుని, పొరపాటైందని ఒక కాగితం రాసిస్తే చాలట. పెద్దాయన ఏడాదిలో రిటైరవుతారు, గౌరవంగా పంపాలట. నా లైసెన్స్ ఆరు నెలలు ఆపుతారట, తర్వాత అంతా మామూలేనట. మా అత్తగారు వాడికి మంచినీళ్ళిచ్చి, తాగాక గ్లాసు తీసుకుని, తలుపు చూపించింది. నా జవాబూ అదే.

నాకు కావలసింది ఇది. ఆయన్నీ నన్నూ పరీక్షించండి. ట్రైనింగ్ స్కూల్లో నేల మీద ఉండే బొమ్మ కాక్‌పిట్ ఉంటుంది, దానికి నల్ల కిటికీలు పెట్టొచ్చు. ముందు ఆయన్ని కూర్చోబెట్టండి, ఆయన పుస్తకాన్ని పక్కనే పెట్టండి. తర్వాత నన్ను కూర్చోబెట్టండి, నా ఖాళీ గడుల పుస్తకంతో. మీరు వెనక మొదటి వరసలో కూర్చోండి. కళ్ళజోడు ముందే తుడుచుకుని రండి.

అప్పటిదాకా మంగళవారం వరస దిద్దుకుంటాను, పుస్తకం ఒక్క రెండు నిమిషాలు ఇవ్వండి అని అడిగాను. సాక్ష్యం మీద రాయకూడదని ఇన్‌స్పెక్టర్ గారు అన్నారు. సరే, అయితే ఇక్కడే రాయండి, నేను చెబుతాను.

ముప్పై ఏడు నిమిషాలు నావి కావు. ఎనిమిదీ ఇరవై ఒకటి నుంచి దిగేదాకా ఇరవై ఆరు నిమిషాలు విమానం నా చేతిలో ఉంది. అందులోనూ ఇరవై ఆరూ రాసుకోను. ఎనిమిదీ నలభై ఒకటికి ఊరి దీపాలు కనబడ్డాయి, గీత దొరికింది. ఆ తర్వాత ఆరు నిమిషాలు బయటికి చూసే దింపాను. కాబట్టి నా ఇన్‌స్ట్రుమెంట్ టైమ్ ఇరవై నిమిషాలు. ఒక్క నిమిషం ఎక్కువ వద్దు, ఒక్కటి తగ్గనివ్వను.

మొదటి నాలుగు నిమిషాలు కెప్టెన్ గారివి, దీవి దీపాల వెలుగులో బాగానే నడిపారు.

ఎనిమిదీ పద్నాలుగు నుంచి ఇరవై ఒకటి దాకా ఏడు నిమిషాలున్నాయి. ఆ ఏడూ ఎవరి పుస్తకంలోనూ రాయకండి. ఆ ఏడు నిమిషాలు ఆ విమానాన్ని ఎవరూ నడపలేదు. అందులో పది మందిమి ఉన్నాం.

పైదంతా రాసుకున్న స్టేషన్ రైటర్ గారు చదివి వినిపించారు. రెండుచోట్ల ఆయన అలవాటు కొద్దీ ‘నిర్మలమైన రాత్రి’ అని రాస్తే ‘చీకటి రాత్రి’ అని దిద్దించాను. ఇందులో ఉన్నది నేను కళ్ళారా చూసిందీ, నా చేతులతో చేసిందీ. ఎవరి బలవంతమూ లేదు, నా కోపం తప్ప. ఈ వరస చివర వేరే ఎవరి సంతకమూ అక్కర్లేదని ఇన్‌స్పెక్టర్ గారు చెప్పారు కాబట్టి, నా సంతకం నేనే పెడుతున్నాను.

(సంతకం)
పైలట్